మన్యం మెట్టచేలో జీనువాయి: చీడల జాబితా చెప్పని లెక్క

భాద్రపదం వచ్చేసరికి అరకు, పాడేరు ప్రాంతపు కొండవాలులలో సామచేలు కంకి వేసి పాలు పోసుకుంటాయి. ఆ పది పదిహేను రోజులు తెల్లవారి మంచు విడవకముందే చేనిమీదికి చిన్నపిట్టల గుంపులు దిగుతాయి. పది సెంటీమీటర్లకు అటూఇటూ పొడవు, గ్రాములలో తూగే బరువు. కంకిని కాళ్లతో పట్టుకొని, గింజను పొట్టి ముక్కుతో నలిపి, పొట్టు జారవిడిచి, లోపలి పిండిని మింగుతాయి. చేనుగలవారు మంచె మీది నుంచి రేకుడబ్బా మోగిస్తారు, వడిసెల విసురుతారు. గుంపు ఒక్కసారిగా లేచి పక్కనున్న తుప్పలలో వాలుతుంది. శబ్దం ఆగిన కాసేపటికి మళ్లీ చేనిమీదనే ఉంటుంది.

మరి రెండు మూడు నెలలకు అవే కొండవాలులు వలిసెపూలతో పసుపుబారుతాయి. పూలను చూడడానికి మైదానం నుంచి జనం వస్తారు. ఆ గింజలో కొంత ఊరి గానుగకు, నూనెమిల్లుకు పోతుంది. భారతదేశం నుంచి విదేశాలకు ఎగుమతి అయ్యే వలిసెలు మాత్రం ప్రధానంగా పక్షులమేతకే. అమెరికాలో ఇళ్ల పెరడులలో వేలాడదీసే మేతగొట్టాలలో ఈ నల్లని సన్నగింజనే పోస్తారు. అక్కడి పసుపుపచ్చని గోల్డ్‌ఫించ్ పిట్టకు అది ప్రీతికరం. ఆ వ్యాపారం కొరకే 1998లో అక్కడి పక్షిమేత పరిశ్రమ వలిసెకు ‘నైజర్’ అనే ధ్వని నిలిచేటట్లు కొత్త అక్షరక్రమంతో ఒక వ్యాపారనామాన్ని నమోదు చేయించుకున్నది. వలిసెతో పాటు బంగారుతీగ విత్తనం తమ నేలలోకి రాకూడదని, దిగుమతి అయిన గింజను 121 డిగ్రీల సెల్సియస్ వేడిలో పావుగంటసేపు ఉంచి మొలకశక్తి పోగొట్టిన తరువాతనే అంగడికి పంపుతారు.

ఒక దేశంలో గింజతినే పిట్ట కొరకు ఇంత ఏర్పాటు. ఆ గింజ పండే దేశంలో, వలిసెకు పేరుపడిన ఈ మన్యంలోను, పొరుగున ఉన్న కోరాపుట్ కొండలలోను, అటువంటి పిట్టకు ఉన్న స్థానం పంటల చీడల జాబితాలో ఒక పంక్తి. ఆ పంక్తి అబద్ధం కాదు. అయితే అది సగం లెక్క మాత్రమే. పిట్ట ఎంత తింటున్నదో చెప్పే జాబితా, ఆ నష్టం ఒక రైతు మీద భరించరానంతగా ఎందుకు పడుతున్నదో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానం పిట్టలో లేదు, చేను పరిమాణంలోను, చేలమధ్య ఎడంలోను ఉన్నది.

పిట్ట ఏది?

తెలుగువారు ఈ పిట్టలను జీనువాయి అన్నారు. హిందీలో వచ్చిన మునియా అనే పేరు నేడు పుస్తకాలలో స్థిరపడింది. ఆంగ్లేయులు వీటిని ఫించ్‌లలో చేర్చి పిలిచినప్పటికీ ఇవి అసలు ఫించ్ కుటుంబానికి చెందినవి కావు. గిజిగాడికి దగ్గరి బంధువులైన ఎస్ట్రిల్డిడే కుటుంబానివి. గడ్డిగింజను ఒలిచి తినడానికి అనువైన శంఖాకారపు ముక్కు, గుంపుగా తిరిగే స్వభావం, గడ్డిపోచలతో గుండ్రని గూడు అల్లే నేర్పు వీటి సాధారణ లక్షణాలు.

తూర్పుకనుమల మెట్టప్రాంతంలో ఈ గుంపులలో కనబడేవి ఒక్క జాతివి కావు. పొలాల వెంట ఎక్కువగా ఉండేది రొమ్ముమీద పొలుసుల వంటి చారలు గల చుక్కల జీనువాయి. పొడినేలల ముళ్లపొదలలో తిరిగేది తెల్లగొంతు జీనువాయి. తడిగల పొడవైన గడ్డిలో ఎర్ర జీనువాయి, నల్లతల జీనువాయి ఉంటాయి. వీటన్నిటికంటె అరుదైనది పచ్చ జీనువాయి. వీపు ఆకుపచ్చన, పొట్ట పసుపు, పక్కల తెలుపునలుపు అడ్డచారలు, ముక్కు ఎరుపు. లేథమ్ 1790లో దానికి పెట్టిన ‘ఫార్మోజా’ అనే పేరుకు అందమైనది అని అర్థం. అది చేరిన ‘అమండావా’ ప్రజాతి పేరు అహమదాబాదు నగరం పేరు నుంచి వచ్చింది. ఒకప్పుడు ఆ నగరం నుంచి ఈ పిట్టలు పంజరాలలో యూరపుకు ఎగుమతి అయ్యేవి. అంగడి పేరే శాస్త్రనామమైన పిట్ట ఇది.

పచ్చ జీనువాయి భారత ఉపఖండంలో తప్ప మరెక్కడా సహజంగా లేదు. దక్షిణ రాజస్థాన్ నుంచి మధ్యభారతం మీదుగా ఉత్తరాంధ్ర తూర్పుకనుమల దాకా చెదురుమదురుగా విస్తరించి ఉన్నది. దట్టమైన అడవి దానికి పనికిరాదు. పొట్టిపొదలు, రాళ్లగుట్టలు, గడ్డి, వాటి నడుమ సాగుభూమి కావాలి. పొడవైన గడ్డిలోనో, చెరకుతోటలోనో గూడు కట్టి నాలుగు నుంచి ఆరు తెల్లని గుడ్లు పెడుతుంది. పందొమ్మిదవ శతాబ్దం చివరి నాటికే దీనిని పంజరపుపిట్టగా పట్టి అమ్మడం నమోదయింది. పట్టివేత కారణంగాను, నివాసపు నేల తగ్గడం కారణంగాను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీనిని ‘వల్నరబుల్’ అనే వర్గంలో, అనగా అంతరించే అపాయం గల జాతులలో చేర్చింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో కూడ ఇది ఉన్నది.

వ్యవసాయశాస్త్రానికి ఇక్కడొక చిక్కు కలదు. మంచె మీది రైతుకు గుంపులోని పిట్టలన్నీ ఒక్కటే. చేనిమీద పరచిన సన్నవలకు జాతిభేదం అసలే తెలియదు. కోట్లలో ఉన్న పిట్టకు, అపాయంలో ఉన్న పిట్టకు ఒకే మందు చెప్పే సిఫారసు శాస్త్రసమ్మతం అనిపించుకోదు.

నష్టం ఎవరిది?

పిట్టపక్షం వహించే రచనలు తరచు రైతు నష్టాన్ని తేలికచేసి మాట్లాడుతాయి. అది అన్యాయం. కొండమీద అర ఎకరం సామ, అర ఎకరం చోడి వేసుకొనే గిరిజన కుటుంబానికి ఆ గింజ అమ్మకపు సరకు కాదు, ఏడాది అంబలి. అందులో నాలుగవ వంతు పోయినదంటే మూడునెలల తిండి పోయినట్లు.

నష్టం గింజతో ఆగదు. కాపలా మరొక నష్టం. కంకి పాలుపోసుకొన్న నాటి నుంచి కోతదాకా ఉదయం నుంచి సాయంత్రం వరకు ఎవరో ఒకరు చేనివద్ద ఉండాలి. ఆ పని పూర్వం పిల్లలది, ముసలివారిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం తరువాత, ఆశ్రమ పాఠశాలలు పెరిగిన తరువాత, పిల్లలు బడిలో ఉంటున్నారు. ఉండవలసినదీ అక్కడే. యువకులు కూలికి విశాఖపట్నానికి, ఇతర పట్టణాలకు పోతున్నారు. మిగిలిన ఆడవారికి ఇల్లు, నీళ్లు, కట్టెలు, పసుపు, కాఫీ పనులకు తోడు పిట్టలకాపలా మీద పడుతున్నది. పిట్టనష్టాన్ని అంచనా వేసేటప్పుడు తిన్న గింజ తూకంతో పాటు ఈ పనిదినాలను కూడ లెక్కించవలసి ఉన్నది. కాపలా మనిషి లేక సామ మానివేసిన కుటుంబం, పిట్ట తిన్న కారణంగా మానివేసినట్లే. అయితే ఏ నష్టపట్టికలోను ఆ చేను కనబడదు. విత్తని చేనికి నష్టం ఉండదు కదా.

చేను తగ్గితే నష్టం ఎందుకు పెరుగుతుంది?

ఒక సాదా లెక్క చూడవచ్చు. రెండువందల పిట్టల గుంపు ఒకటి ఉన్నదనుకొందాము. ఒక్కొక్క పిట్ట రోజుకు 3 గ్రాముల గింజ తింటుందనుకొంటే గుంపు రోజుకు 600 గ్రాములు తింటుంది. ఇరవై రోజులకు 12 కిలోలు. ఎకరానికి 4 క్వింటాళ్ల సామ పండే ఊరిలో యాభై ఎకరాలు ఒకచోట ఒకేసారి కంకివేస్తే మొత్తం పంట 200 క్వింటాళ్లు. అటువంటి గుంపులు ఒకటి కాక అయిదు దిగినప్పటికీ పోయేది 60 కిలోలు. నూటికి ఒక పాలులో మూడోవంతు కూడ కాదు. ఏ రైతూ దానిని నష్టంగా గుర్తించడు.

ఇప్పుడు ఆ ఊరిలో సామ వేసేవారు మానుకొంటూ వచ్చి, చివరకు ఒక్క కుటుంబం పావు ఎకరంలో వేసినదనుకొందాము. పంట ఒక క్వింటాలు. గుంపు ఒక్కటే దిగినా పోయేది అదే 12 కిలోలు. అనగా నూటికి 12 పాళ్లు. విరిగిన కంకులు, రాలిన గింజ కలుపుకొంటే అది ఇంకా పెరుగుతుంది. పిట్ట ఒక్కటి కూడ ఎక్కువ కాలేదు, ఎక్కువ తినలేదు. తగ్గినది చేను.

ఇవి వివరణ కొరకు వేసుకొన్న అంకెలే. క్షేత్రంలో గుంపు పరిమాణం మారుతుంది, తిండి కొంత గడ్డివిత్తనం నుంచి వస్తుంది. అయినా లెక్క తీరు మారదు. ఒకేసారి పక్వమయ్యే పంట విస్తీర్ణం ఎక్కువైనకొద్దీ ఎకరానికి పడే పిట్టనష్టం తగ్గుతుంది. విస్తీర్ణం చీలి, కాలం చెదిరినకొద్దీ పెరుగుతుంది. అందరికంటె ముందు పండిన చేను, అందరికంటె వెనుక పండిన చేను ఎప్పుడూ ఎక్కువగా దెబ్బతినడానికి కారణం కూడ ఇదే.

మన్యంలో జరిగినది ఈ చెదిరిపోవడమే. చోడి, సామ, కొర్ర విస్తీర్ణం దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. చౌకబియ్యం ఇంటికి చేరింది. కొండవాలులు కాఫీకి, సిల్వర్ ఓక్‌కు, అక్కడక్కడ నీలగిరికి మారాయి. చిరుధాన్యం మిగిలినచోట ముక్కలుముక్కలుగా మిగిలింది. నష్టం ఎక్కువై ఒక రైతు మానివేస్తే, అతని వంతు నష్టం పక్కచేనిమీద పడుతుంది. ఆ పక్కవాడూ మరుసటి ఏడు మానివేస్తాడు. ఈ వరుసలో చివరకు నిలిచిన చేను గలవాడు పిట్టనే నిందిస్తాడు. అతని కంటికి కనబడేది పిట్టయే కనుక ఆ నింద సహజం. అయితే సలహా ఇవ్వవలసిన శాస్త్రవేత్త కూడ అక్కడనే ఆగిపోకూడదు.

మందుల పరిమితి

పిట్టలను తరిమే పద్ధతులమీద పరిశోధన తక్కువేమీ కాదు. రాజేంద్రనగర్‌లో సాగిన అఖిలభారత వ్యవసాయ పక్షిశాస్త్ర పరిశోధనల ద్వారా మెరిసే రిబ్బన్లు, కోడిగుడ్డు ద్రావణపు పిచికారీ, అడ్డువరుసల పంట వంటివి రైతులకు చేరాయి. ఇవి పిట్టను చంపవు, ఖర్చు తక్కువ. అందుకు వాటిని మెచ్చుకోవాలి. అయినా తరిమే పద్ధతి ఏదైనా పిట్టను పక్కచేనికి పంపేదే. పక్కన చేను లేనప్పుడు, మరొక తిండి లేనప్పుడు, పిట్ట భయానికి అలవాటుపడి తిరిగి వస్తుంది. వర్షపుగాలులు వీచే కొండవాలులో రిబ్బను ఎన్నాళ్లు నిలుస్తుందనేది వేరే ప్రశ్న.

చంపే పద్ధతి ఎటు దారితీస్తుందో ఆఫ్రికా చూపింది. సహారా దిగువన ఉన్న పొడి సవన్నాలలో ఎర్రముక్కు క్వీలియా అనే గింజతినే పిట్ట జొన్న, సజ్జ, గోధుమ చేలమీద లక్షల సంఖ్యలో పడుతుంది. దశాబ్దాల తరబడి ప్రభుత్వాలు విమానాలతో ఫెంథియాన్ అనే విషాన్ని దాని గూళ్లమీద, రాత్రి విడుదులమీద చల్లాయి. చచ్చిన పిట్టలను తిన్న గద్దలు, ఇతర జీవులు కూడ చచ్చాయి. క్వీలియా మాత్రం నేటికీ భూమిమీద అత్యధిక సంఖ్యలో ఉన్న అడవిపక్షులలో ఒకటి. వేగంగా పిల్లలు పెట్టే జాతి విషాన్ని తట్టుకొంటుంది. నెమ్మదిగా పెరిగే జాతి, చెదురుగా ఉన్న జాతి తట్టుకోదు. మన కొండలకు ఈ ఉదాహరణను అన్వయిస్తే, విషమో వలో మొదట తుడిచిపెట్టేది చుక్కల జీనువాయిని కాదు, పచ్చ జీనువాయిని.

వలవేసి పట్టడం మరొక దారికి కూడ తలుపు తెరుస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ తరువాత దేశంలో అడవిపక్షులను పట్టి అమ్మడం నేరం. అయినా పట్టణపు సంతలలో జీనువాయిలకు రంగులుపూసి పంజరాలలో అమ్మే వ్యాపారం పూర్తిగా అంతరించలేదు. పంటరక్షణ పేరుతో చేనికి వచ్చిన వల, సంతకు సరకు పంపే వల కావడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆ వ్యాపారంలో లాభం దళారిది, కేసు గిరిజనుడిది. సలహాపత్రంలో ‘వలలు వాడవచ్చును’ అనే ఒక్క వాక్యం రాసేటప్పుడు ఈ పరిణామాన్ని కూడ ఆలోచించవలసి ఉన్నది.

బంజరు అనే మాట

పిట్టకు చీడ అని పేరుపెట్టినట్లే, అది బతికే నేలకు బంజరు అని పేరుపెట్టాము. 2000లో తొలిసారి వెలువడిన దేశపు బంజరుభూముల పటసంపుటిలో పొదలు గల భూమి ఒక వర్గం. పోడు కొట్టి, కొన్నేళ్లు పండించి, తేరుకోవడానికి వదిలిన బీడువాలు చూపరికి పనికిరాని నేలవలె ఉంటుంది. నిజానికి అక్కడ పెరిగే అడవిగడ్డి విత్తనమే చేనిలో కంకి లేని నెలలన్నిటా జీనువాయికి ఆహారం. ఆ గడ్డి పండే కాలంలో పిట్టకు చేనిమీదికి రావలసిన అవసరం తగ్గుతుంది. గట్టుమీది ఊదగడ్డి వంటి కలుపుమొక్కల విత్తనాలను కూడ ఇవి తింటాయి. పిల్లలకు గింజతోపాటు కొన్ని చిన్నపురుగులను సైతం పెడతాయి.

ఈ గడ్డివాలులు మూడు విధాల తగ్గుతున్నవి. బీడుకాలం కుదించుకొనిపోయి నేల తేరుకోకముందే మళ్లీ సాగుకు వస్తున్నది. కొన్నివాలులు చెట్లతోటలుగా మారుతున్నవి. మిగిలినచోట లాంటానా పొద అల్లుకొని గడ్డిని మింగుతున్నది. కాఫీ విషయంలో ఒకమాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. నీడచెట్ల కింద పెరిగే అరకు కాఫీ ఎన్నో కుటుంబాలకు నిలకడగల రాబడి ఇచ్చింది, వాలును కోతనుంచి కాపాడింది, అడవిపక్షులకు కొమ్మనిచ్చింది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు రావడం న్యాయమే. అయితే చెట్టునీడ గడ్డిపిట్టకు ఇల్లు కాదు. పచ్చదనం అంతా ఒక్కటే అనుకొని ప్రతి గడ్డివాలులోను మొక్కలు నాటడం ఒక జీవజాతికి మేలుచేస్తూ మరొకదానికి చోటులేకుండా చేయడమే.

సిఫారసు ఎలా మారాలి?

మొదటిది, చిరుధాన్యాల ప్రోత్సాహాన్ని ఎకరాల మొత్తంగా కాక, కలిసిన ఎకరాలుగా లెక్కించాలి. 2018ని మనదేశం జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా, 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత విత్తనసంచులు మన్యానికి చేరుతున్నవి. ఒక మండలంలో వంద ఎకరాలకు విత్తనం ఇవ్వడంకంటె, రెండుమూడు వాలులలో పక్కపక్క చేలవారికి కలిపి అదే వంద ఎకరాలకు ఇస్తే, అదనపు ఖర్చు లేకుండానే ఎకరానికి పడే పిట్టనష్టం తగ్గుతుంది. మంచెలు కూడ తక్కువ చాలుతాయి. ఒక్క మంచె మీద నలుగురు చేలవారు వంతులు వేసుకోవచ్చును.

రెండవది, వాలు మొత్తం ఒకే వారంలో విత్తడం, ఒకే కాలపరిమితి గల రకం వేయడం. ఇది కొత్తపాఠం కాదు. సామకొత్త, కొర్రకొత్త వంటి కొత్తలపండుగలు జరిగేవరకు కొత్తగింజ తినకూడదనే కట్టుబాటు ఊరంతటినీ ఒకే కాలసూచికకు కట్టివేసేది. చైత్రంలో ఇటుకలపండుగనాడు విత్తనానికి పూజచేసే ఊళ్లలో, ఆ సమావేశంలోనే ఏ వాలులో ఏది ఎప్పుడు విత్తాలో కలిసి నిర్ణయించుకోవచ్చును. విస్తరణ అధికారి చేయవలసినది ఆ కూడికకు ముందుగా విత్తనం అందేటట్లు చూడడం. విత్తనం ఆలస్యమైతే విత్తుబడి చెదురుతుంది. విత్తుబడి చెదిరితే పిట్టనష్టం పెరుగుతుంది. విత్తన సరఫరాలో జాప్యానికి పిట్టను బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు.

మూడవది, గట్టుగడ్డిని పంటగా చూడడం. వాలుకు అడ్డంగా గట్లమీద కొండచీపురు, ఇతర గడ్డిజాతులు వరుసగా ఉంచితే మట్టి నిలుస్తుంది, చీపురు అమ్ముడవుతుంది, పిట్టకు గూటికి చోటు, గింజ దొరుకుతుంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి అడవి ఉత్పత్తులు సేకరిస్తున్నది. కొండచీపురు మన్యానికి తెలిసిన రాబడియే. అయితే గడ్డిపట్టీ చేనికి ఎంతదూరంలో ఉంటే మేలు, ఎంతదగ్గరలో ఉంటే పిట్టకు పంటమీదికి మెట్టు అవుతుందనేది ప్రయోగంతో తేల్చవలసిన విషయం. అది తేలకుండా సిఫారసు చేయడం కూడ తప్పే.

నాలుగవది, రకాల ఎంపిక. చోడిలో వేళ్లు లోపలికి ముడుచుకొన్న కంకి, విచ్చుకొన్న కంకి గల రకాలు రెండూ ఉన్నవి. దిగుబడి, అగ్గితెగులు నిరోధం, కాలపరిమితితో పాటు పిట్టనష్టాన్ని కూడ రకాల పోలికలో ఒక అంశంగా నమోదు చేస్తే ఉపయోగం ఉంటుంది. విజయనగరం పరిశోధన స్థానం చోడి, చిరుధాన్యాలకు, చింతపల్లి ప్రాంతీయ పరిశోధన స్థానం కొండప్రాంతపు సాగుకు నెలవులు. ఈ రెండింటి పరీక్షాక్షేత్రాలలో వల కప్పిన మడిని, కప్పని మడిని పక్కపక్కన ఉంచి తూచితే చాలు. పరిశోధన మడులకు పిట్టలు పడకుండా చూసుకోవడం వాడుక. ఆ వాడుక వలన రైతుచేలో నిజంగా ఎదురయ్యే నష్టం శాస్త్రపు అంకెలలోకి రాకుండా పోతున్నది.

అయిదవది, నష్టపు కొలత. కొలతలేనిచోట పరిహారం, బీమా అనే మాటలకు ఆధారం ఉండదు. జాతిపేరుతో, వారంవారం, చేను పరిమాణంతో, పక్కచేల దూరంతో సహా నమోదుచేసే సాదాపట్టిక ఒకటి కావాలి. అరకు, పాడేరు కళాశాలల విద్యార్థులు, గ్రామ వ్యవసాయ సహాయకులు దానిని నింపగలరు. గుంపులో పచ్చ జీనువాయి ఉన్నచో ఆ విషయమూ ఆ పట్టికలోనే చేరుతుంది. పంటరక్షణకు, పక్షిసంరక్షణకు రెండు వేరువేరు సర్వేలు అవసరం లేదు.

ఆక్షేపణలు

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. అరుదైన పిట్ట ఒకటి ఉన్నదని పేదరైతు నష్టపోవాలా అనేది మొదటిది. నష్టపోకూడదు. పైన చెప్పిన మార్గాలలో ఒక్కటి కూడ రైతును పిట్టకొరకు త్యాగం చేయమనడం లేదు. కలిసి విత్తడం, ఒకే రకం వేయడం, మంచె వంతులు వేసుకోవడం, ఇవన్నీ రైతుకే ముందుగా మేలుచేసేవి. పిట్టకు దక్కేది, తనమీద పగ తగ్గడం మాత్రమే.

ఊరంతా ఒకే రకం, ఒకే వారం అంటే వానతప్పినప్పుడు అందరూ ఒకేసారి మునిగిపోరా అనేది రెండవది. ఇది బలమైన ఆక్షేపణ. కొండరైతు ముందుపంట, వెనుకపంట కలిపివేసుకొన్నది తెలియక కాదు, వానను నమ్మలేక. అందుచేత కూడిక ఊరికి కాక వాలుకు పరిమితం కావాలి. ఒక వాలులో స్వల్పకాలిక సామ, మరొక వాలులో దీర్ఘకాలిక రకం, ఇంకొకచోట చోడి ఉండవచ్చును. ప్రతి కుటుంబానికీ ఒకటికంటె ఎక్కువ వాలులలో భాగం ఉన్నప్పుడు వానభయం పంచబడుతుంది, పిట్టనష్టం కూడ పంచబడుతుంది. అటువంటి భూమి లేని కుటుంబాలకు ఏమి చేయాలనేది ఊరిసభ తేల్చవలసిన ప్రశ్న. దానిని దాటవేసే పథకం నిలవదు.

వ్యవసాయశాస్త్రానికి పక్షిని లెక్కలోకి తీసుకోవడం కొత్త కాదు. శనగ, కంది చేలలో పచ్చపురుగును తినే పక్షులు వాలడానికి కర్రకొమ్మలు పాతమని సలహాపత్రాలు ఎంతోకాలంగా చెబుతున్నవి. వలిసె గింజకట్టడానికి తేనెటీగ కావాలని తెలిసి, పూతకాలంలో తేనెపెట్టెలను ఆహ్వానిస్తున్నాము. పురుగును తినే పక్షి మిత్రుడు, గింజను తినే పక్షి శత్రువు అనే విభజన పంటకాలం ఇరవైరోజులకు సరిపోవచ్చును. మిగిలిన పదకొండునెలల పైచిలుకు కాలానికి అది సరిపోదు. ఆ కాలమంతా ఆ పిట్ట ఎక్కడ ఉన్నది, ఏమి తిన్నది అనే ప్రశ్న అడిగినప్పుడే చేనిలో అది చేసే నష్టానికి కారణం తెలుస్తుంది.

మన్యం నుంచి సామచేను పూర్తిగా పోతే జీనువాయి సమస్య తీరిపోతుంది. తిండికోసం ఆ గింజమీద ఆధారపడిన ఇంటి సమస్య మాత్రం అప్పుడు మొదలవుతుంది. పిట్టగుంపు ఇంకా చేనిమీద దిగుతున్నదంటే అక్కడ చిరుధాన్యం ఇంకా మిగిలి ఉన్నదని అర్థం. రాబోయే పంటకాలానికి ముద్రించే సలహాపత్రంలో ‘పక్షులను తరిమివేయవలెను’ అనే వాక్యం పక్కన, ‘పక్కచేలవారితో కలిసి ఒకే వారంలో విత్తవలెను’ అనే మరొక వాక్యం చేర్చడానికి నిధులు అక్కరలేదు. అమెరికా పెరటిపిట్టకు గింజ పంపగలిగిన కొండలకు, తమ తుప్పలలోని పిట్టకు పిడికెడు గడ్డిగింజ మిగల్చడం మోయలేని బరువు కాదు.